జపాను రైలుకు రెండు టిక్కెట్లు

ధాత నామ సంవత్సరం కార్తీక మాసంలో బొంబాయి నుంచి గద్వాల నేతగాళ్ళ వీధికి ఒక కవరు వచ్చింది. వచ్చింది ధర్మయ్య పేరు మీదనే అయినా, సాయంత్రానికల్లా అది వీధి మొత్తానిదీ అయిపోయింది. కవరులో ఒక ఇంగ్లీషు ఉత్తరం, ఒక రంగుల బొమ్మ ఉన్నాయి. ఆ ఉత్తరం చదవగలిగినవాడు దగ్గరలో మిషన్ బడి పంతులు సామ్యూల్ ఒక్కడే. అందుచేత ఇంగ్లీషు వచ్చిన సామ్యూల్ అరుగు కింద ముక్కాలి పీట మీద, ఇంగ్లీషు రాని పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నాక చదవడం మొదలైంది.

సంగతేమిటంటే, జపాను దేశంలో ఒక పెద్ద పట్నంలో వచ్చే ఎండాకాలం ఎగ్జిబిషన్ పెడుతున్నారు. దేశదేశాల నేతగాళ్ళు అక్కడ మగ్గాలు వేసుకొని జనం ముందర నేసి చూపాలి. గద్వాల చీర నేసే మనిషిని పంపే పని ఒక బొంబాయి షావుకారు నెత్తిన వేసుకున్నాడు. ధర్మయ్య చీరలు పదేళ్ళుగా ఆయన కొట్టుకే పోతున్నాయి. ధర్మయ్యకూ, వెంట వచ్చే ఒక మనిషికీ ఓడ, బస, తిండి అన్నీ వాళ్ళే చూసుకుంటారు. అదీగాక, అతిథులకు మర్యాదగా ఒక రాత్రి రైలు ప్రయాణం కూడా ఉంది. పొద్దుగూకినాక ఎక్కితే కొండల నడుమ తిరిగి తిరిగి, పెద్ద సరస్సు ఒడ్డున పోయి, తెల్లవారేసరికి దించుతుందట. రంగుల బొమ్మ ఆ సరస్సుదే.

ఆ బొమ్మను జమ్ములమ్మ అందరూ పోయాక చూసింది. జమ్ములమ్మ ధర్మయ్య భార్య. అరుగు ఊడుస్తుంటే కాగితం చేతికి వచ్చింది, ఊడవడం ఆపి అక్కడే కూర్చుంది. నెత్తిన తెల్లగా మంచు కప్పుకున్న కొండ, దాని కింద నీళ్ళు, నీళ్ళలో అదే కొండ మళ్ళీ తలకిందులుగా. ఒడ్డు వెంట చీమల బారు మాదిరి రైలు. కొండ ఎక్కడ అయిపోతుందో, నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో ఎంత చూసినా తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా పట్టు అంచునూ నూలు చీరనూ అతుకు కనబడకుండా కలుపుతున్న మనిషికి ఆ అతుకు ఎవరు వేశారా అనిపించింది.

ఆమెకు ఆ నీళ్ళను చూడాలనిపించింది. ఊరికే ముచ్చటకు అనిపించడం కాదు, కడుపులో ఆకలిలాగా పుట్టింది. పుట్టిల్లు ఇటిక్యాల, పెళ్ళయి వచ్చిన గద్వాల, ఒకసారి చుట్టాల పెళ్ళికి ఆత్మకూరు, ఇంతే ఆమె చూసిన లోకం. మిగతా రోజులన్నీ మగ్గం ఎడమ పక్కన కూర్చొని మూరెడు దూరంలో ఉన్న అంచును చూడడంతోనే సరిపోయింది. కళ్ళున్నందుకు ఒక్కసారైనా దూరంగా ఉన్నదాన్ని చూడాలి గదా అని తనలో తాను అనుకుంది.

మరుసటి రోజు నుంచి ధర్మయ్య అరుగు మీద ప్రయాణం మొదలైంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఓడ మొహం చూడకముందే రైల్లో ఎవరెక్కడ కూర్చోవాలన్న తగవు పుట్టింది. ఓడలో నెల రోజులు ఎట్లా బతకాలన్నది ఎవరికీ పట్టలేదు. ఒక్క రాత్రి రైలు గురించి మాత్రం మాఘమాసం దాకా మాట్లాడారు.

వెంట వచ్చే మనిషి ఎవరన్నది మొదటి వారంలోనే తేలిపోయింది. జమ్ములమ్మ తమ్ముడు శ్రీరాములు. అతనికి నూలు దుకాణం ఉంది, ఉర్దూ వచ్చు, ఇంగ్లీషులో ఆరు మాటలు తెలుసు, హైదరాబాదు రెండుసార్లు చూశాడు. ఇన్ని అర్హతలున్న మనిషి వీధిలో మరొకడు లేడు. కబురు తెలిసిన నాలుగో రోజే అతను కర్నూలు పోయి కోటు కుట్టించుకున్నాడు.

రైలు సంగతులకు పెద్ద దిక్కు సీతారాములు. ఆయన సంస్థానం కచేరీలో పనిచేసి మానుకున్నవాడు. గద్వాల స్టేషన్లో ఎక్కి సికింద్రాబాదులో దిగిన అనుభవం ఉంది గనుక ప్రపంచంలో రైళ్ళన్నీ అట్లాగే ఉంటాయని ఆయన నమ్మకం. ఇంజనుకు వీపు పెట్టి కూర్చుంటే కళ్ళలో బొగ్గునుసి పడదన్నాడు. కింది పడక తీసుకుంటే పైవాడి కాళ్ళు మొహం ముందర వేలాడుతాయన్నాడు. సరస్సు ఏ పక్కన వస్తుందన్న దగ్గర మాత్రం ఆయనకూ శ్రీరాములుకూ రెండు రోజులు మాటలు లేవు. చివరికి ధర్మయ్య బొమ్మను అరుగు మీద పరిచి, మగ్గం మీద పోగును అటూ ఇటూ లాగే నాడెను తెచ్చి రైలు చేశాడు. కొండ కోసం లోపలికి కేకేస్తే జమ్ములమ్మ కంచు చెంబు తెచ్చి బోర్లించింది. నాడెను చెంబు చుట్టూ నాలుగుసార్లు తోసి చూసి, సరస్సు ఎడమ పక్కనేనని ముగ్గురూ ఒప్పుకున్నారు. రైలు ఎటునుంచి ఎటు పోతున్నదో తెలియకుండా పక్క తేల్చలేమని సామ్యూల్ కింద నుంచి అన్నాడు గానీ, ఆయనను అడిగినవాళ్ళు లేరు.

ఇంతలో జమ్ములమ్మకు పని పెరిగింది. ఎన్నాళ్ళైనా చెడని గట్టి జొన్న రొట్టెలు ఎట్లా చేయాలి, ఉప్పు ఎక్కువైతే ఓడలో దప్పిక కాదా, చింతకాయ తొక్కు జాడీలో పెట్టాలా తోలుతిత్తిలో పెట్టాలా, అన్నీ ఆమెనే అడిగారు. వస్తావా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గదా అని ఒకనాడు ఆమే అడిగింది.

ధర్మయ్య అన్నం ముందర కూర్చున్నాడు. ఆమె మజ్జిగ ముంత పట్టుకొని నిలబడి, "నేను గుడ వస్త జపానుకు," అన్నది.

అతను కోపపడలేదు. ధర్మయ్య చెడ్డవాడు కాడు, మంచివాళ్ళకు తోచనివి కొన్ని అతనికీ తోచేవి కావు, అంతే. నవ్వి, "నువ్వు గుడ వస్తే ఇంట్ల మగ్గం ఎవరు నడుపుతరే?" అన్నాడు.

అతను లేకుండా ఆమె ఒక్కతే ఎడమ పక్కన కూర్చొని గాలితో కలిసి నేయడం కుదరదని అతనికి తట్టలేదు. ఆమెకు తట్టింది. ఆమె లేకుండా అతను జపానులో ఏం నేస్తాడన్నదీ తట్టింది. కానీ అప్పటికి ముంత వంచి మజ్జిగ పోసింది.

మాఘ పున్నమి పోయాక షావుకారు గుమాస్తా స్వయంగా గద్వాల దిగాడు. ఎగ్జిబిషన్ కాగితాలు నింపాలి, అంతకుముందు నేత కళ్ళారా చూడాలి. ఇన్నేళ్ళూ గద్వాల చీరలు అమ్మాడే గానీ ఎట్లా నేస్తారో ఆయన చూసి ఎరగడు. ధర్మయ్య స్నానం చేసి, బొట్టు పెట్టుకొని మగ్గం గుంటలోకి దిగాడు.

గద్వాల మగ్గం మీద నాడె ఒక్కటి కాదు, మూడు. నడుమ చీర నూలు, రెండు పక్కలా అంచు పట్టు. నడిమి నాడె అవతలి అంచు దాకా పోయినప్పుడు దాని పోగును అంచు పోగుతో మెలేసి కలపాలి. అటు చివర కూర్చొని ఆ మెలిక వేసి, అంచు నాడె వేసే మనిషి వేరే ఉండాలి. గుమాస్తా ఎడమ పక్కన ఖాళీగా ఉన్న పీటను చూసి, ఇక్కడ కూర్చునేది నీ వెంట వచ్చే మనిషేనా అని అడిగాడు. ధర్మయ్య నోరు తెరిచేలోపల శ్రీరాములు కోటు విప్పకుండానే పోయి కూర్చున్నాడు. నూలు అమ్మేవాడికి నేత రాకపోతుందా అని అతని ధీమా.

నాడె మూడో పోటుకు పట్టు పోగు తెగింది. ఐదో పోటుకు నూలు వచ్చి అంచులో దూరింది. ఆరోసారి నాడె శ్రీరాములు కోటు జేబుకు తగులుకొని, దాన్ని విడిపించడానికి ధర్మయ్య గుంటలోంచి పైకి రావలసి వచ్చింది. గడప దగ్గర నూలు కండెలు చుడుతున్న జమ్ములమ్మ లేచి వచ్చి తమ్ముణ్ణి జరగమన్నది. తెగిన పోగులు అతికి, తప్పు పడ్డ వరుసలు వెనక్కి లాగి, మొగుడి వైపు ఒకసారి చూసింది. తర్వాత పావుగంట సేపు ఇద్దరూ మాట లేకుండా నేశారు. గుమాస్తా కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇద్దరిలో అసలు నేసేది ఎవరని ఉర్దూలో అడిగాడు.

"నేసేది నేనే," అన్నాడు ధర్మయ్య. "ఆమె ఊకె జర చెయ్యేస్తది."

ఈ చెయ్యేసే మనిషి రాకపోతే అక్కడ మగ్గం ముందర ముక్కు గిల్లుకుంటూ కూర్చుంటావు అని గుమాస్తా మొహం మీదనే చెప్పాడు. అప్పుడు పడింది ధర్మయ్యకు ఇరకాటం. అతిథులకు రాసింది రెండే పేర్లు. బామ్మర్దికి మాట ఇచ్చాడు. మాటదేముంది, కావాలంటే తప్పవచ్చు. కోటు కుట్టించుకున్న మనిషిని వద్దనడం ఎట్లా? అరుగు మీద పెద్దమనుషులందరూ తర్జనభర్జన పడ్డారు. జమ్ములమ్మకు బదులు శ్రీరాములుకు నేత నేర్పిస్తే కాదా అని సీతారాములు అన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందని గుమాస్తా అడిగితే, ఆయన వేళ్ళు మడిచి చూసుకొని ఆరేడేళ్ళు చాలన్నాడు.

ఉపాయం గుమాస్తాకే తట్టింది. మగ్గం కూడా ఓడలోనే పోతుంది గనుక దాని సామానుకు వేరే జాబితా ఉంది. మొదటి వరుసలో పోగులు దువ్వే అచ్చు, రెండో వరుసలో దాన్ని బిగించే పలక, తర్వాత నాడెలు, రాట్నం, కండెలు. ఆరో వరుసలో ఆయన రాసుకుంటూ పైకి చదివాడు: ఎడమ పక్క నాడె వేసే ఆడమనిషి, ఒకటి. ఓడలో సామానుతోపాటు దిగువ అంతస్తులో చోటు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

వీధి వీధంతా ధర్మయ్యను మెచ్చుకుంది. పెండ్లాన్ని జపాను తోలుకపోయే మొగోడు సంస్థానం మొత్తంలో ఉన్నడా అని పక్కింటి జోగులమ్మ నీళ్ళ బావి దగ్గర అడిగింది. వినీ వినీ ధర్మయ్యకే తన మంచితనం మీద నమ్మకం కుదిరింది. జమ్ములమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. ఆమె సంతోషం ఆమెది. సామానుగా రాస్తే రాశారు, ఏ వరుసలో రాస్తేనేం? అచ్చుకూ పలకకూ కళ్ళు లేవు, తనకున్నాయి. బడి విడిచే వేళ చూసుకొని సామ్యూల్ పంతులును దారిలో ఆపి, ఆ నీళ్ళు రైలు పక్కన ఎంతసేపు ఉంటాయని అడిగింది. కాగితం ప్రకారం అర్ధరాత్రి దాటినాక గంట సేపు ఉంటాయని ఆయన చెప్పాడు. గంట అంటే చాలా సేపు. నాలుగు వేళ్ళ అంచు నేయవచ్చు. ఆ మాట తలుచుకొని పది రోజులు ఆమె ఏ పని చేసినా చేతులు తేలిగ్గా ఆడాయి.

ఫాల్గుణంలో రెండో కవరు వచ్చింది. ఇది ఒక్క రైలు కోసమే. మళ్ళీ అరుగు నిండింది, సామ్యూల్ మళ్ళీ ముక్కాలి పీట మీద కూర్చొని చదివాడు. అతిథులిద్దరికీ రెండు టిక్కెట్లు. ఏ తేదీన ఎక్కుతారో రాసి పంపితే పడకలు ఆపి ఉంచుతారు. ఒకసారి రాసిన తేదీ మార్చడానికి వీలులేదు. మగ్గం సామానుతో వచ్చేవారు రాత్రిళ్ళు ఎగ్జిబిషన్ షెడ్డులోనే ఉండాలి.

చదవడం అయిపోయింది. జమ్ములమ్మ గడప లోపల నిలబడి ఉంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండడానికి సీతారాములు అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను గుడ చూడాలె," అన్నది జమ్ములమ్మ. అందరి ముందర అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. "ఇద్దరు నేసే చీర గద అది. నన్ను గుడ ఎక్కియ్యుండ్రి."

ధర్మయ్య బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది కోటు బొత్తాల వైపు చూసుకున్నాడు. తల్లి పోతే, తాను ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆ తమ్ముణ్ణి ఆమే చంకన వేసుకొని తిప్పింది.

"నువ్వు గుడ వస్తే మగ్గం కాడ ఎవరుంటరక్కా?" అన్నాడు శ్రీరాములు. "దేశం గాని దేశం. ఒక్క రాత్రే గద."

రెండంటే రెండే రాసింది, మనం ఏం చేస్తాం అని ధర్మయ్య కూడా అన్నాడు. చాలా నెమ్మదిగా, నచ్చజెప్పే గొంతుతో అన్నాడు. జమ్ములమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఏడు సముద్రాలు దాటించి, ఆ నీళ్ళకు ఒక్క రాత్రి దూరంలో నాడెల పక్కన కూర్చోబెట్టి తాళం వేసుకొని పోతారన్నమాట. తీసుకుపోకుండా ఇక్కడే వదిలేసినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇక తేదీ మిగిలింది. దాని గురించి పెద్దగా ఆలోచించవలసిన పని లేదన్నాడు ధర్మయ్య. ఎగ్జిబిషన్లో దినం తప్పకుండా నేయాలని రాసి ఉంది. నేతగాడికి నెలలో సెలవంటే ఒక్కటే, అమావాస్య. తాతల నాటి నుంచి ఆనాడు వీధిలో ఒక్క మగ్గం కూడా ఆడదు.

"అమాస నాడు మనం మగ్గం ముట్టం," అన్నాడు. "గద్వాల్ల ముట్టం, జపాన్ల గుడ ముట్టం. ఆ రాత్రికే రాయుండ్రి పంతులూ."

సీతారాములు కొత్త ఏడాది పంచాంగం తీసి చైత్ర బహుళ అమావాస్య ఏ రోజు వచ్చిందో, ఇంగ్లీషు తేదీ ఏదో చెప్పాడు. ఆచారం పాటించే మనిషివి, ఎంత దూరం పోయినా నియమం తప్పవు అని ధర్మయ్య భుజం తట్టాడు. సామ్యూల్ కలం పట్టుకొని తలెత్తాడు. ఏదో చెప్పబోయాడు. మీరు రాసేది రాయండి పంతులూ, పొద్దుపోతున్నది అని శ్రీరాములు తొందరపెట్టాడు. సామ్యూల్ గడప వైపు చూశాడు. జమ్ములమ్మ కూడా ఆయన వైపే చూస్తున్నది.

తెల్లవారుజామున బావికి పోయే ఆడదానికి ఏ తిథినాడు ఎంత దూరం కనబడుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. పున్నమి ముందూ వెనకా అయితే బావి గట్టున పడ్డ సూది కూడా దొరుకుతుంది. అమావాస్యనాడు తన కాళ్ళు తనకే కనబడవు, అడుగు తడుముకుంటూ వేయాలి. మగ్గం మీద ధర్మయ్య వైపు తప్పు పోగు పడితే ఆమె వేలితో పలక మీద టకటక కొట్టేది, అతను మారుమాట లేకుండా వెనక్కి తీసి సరిచేసేవాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఇప్పుడూ అలవాటుకొద్దీ ఆమె చెయ్యి తలుపు చెక్క మీదికి పోయింది.

"రాత్రి గద," అన్నది. "అమాస రాత్రి కొండలు కనబడతయా?"

శ్రీరాములు పకపకా నవ్వాడు. "అది జపానక్కా. ఆడ కొండలకు గుడ కరెంటు దీపాలు పెడతరు. నీకు తెల్వదు, నువ్వు ఊకో."

ధర్మయ్య కూడా నవ్వాడు. సీతారాములు సంగతి సరేసరి, కరెంటు దీపాలు తాను సికింద్రాబాదు స్టేషన్లో చూశానని సాక్ష్యం చెప్పాడు. జమ్ములమ్మ తలుపు మీద నుంచి చెయ్యి తీసేసింది. తనకు తెలియదన్నారు గనుక ఆమె ఊకుంది. సామ్యూల్ తేదీ వేసి, కాగితం మడిచి కవరులో పెట్టాడు. శ్రీరాములు నాలుకతో తడిపి అంటించి, టపా పోయే వేళ దాటకముందే పరుగున పోయి డబ్బాలో వేసి వచ్చాడు.

అందరూ పోయాక ధర్మయ్య లోపలికి వచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చున్న భార్యను చూస్తే అతనికి నిజంగానే జాలి కలిగింది. పీట వాల్చుకొని ఎదురుగా కూర్చొని, రైలు పోయే ఊళ్ళలో మంచి మంచి వస్తువులు దొరుకుతాయట, నీకేం తేవాలో చెప్పు అని అడిగాడు.

"నాకేం వద్దు," అన్నది జమ్ములమ్మ. "ఏం జూసిండ్రో వచ్చి జెప్పుండ్రి. కొండలెట్లున్నయి, నీళ్ళెట్లున్నయి, ఒక్కటి ఇడువకుంట జెప్పాలె. నేను షెడ్డుల మేల్కొనే ఉంట."

ధర్మయ్య పీట ముందుకు జరుపుకున్నాడు. తమ్ముడి మీద గానీ తన మీద గానీ కోపం పెట్టుకోకుండా ఎంత పెద్ద మనసుతో అడిగిందో అనుకున్నాడు. రవ్వంత విడవకుండా, కళ్ళకు కట్టినట్టు చెప్తానని ఆమె చేతిలో చెయ్యేసి మాట ఇచ్చాడు.

అతను చెప్తాడని జమ్ములమ్మకు తెలుసు. రాత్రంతా కిటికీ నల్లటి అద్దంలో తన మొహం తాను చూసుకుంటూ కూర్చొని వచ్చినా సరే, కొండలన్నీ చెప్తాడు, నీళ్ళన్నీ చెప్తాడు, పక్కన తమ్ముడు తల ఊపుతాడు. ఆ సరస్సును చూడాలని మొన్నటిదాకా ఆమె ప్రాణం ఎంత కొట్టుకుందో, వాళ్ళిద్దరూ చెప్పేది ఎదురుగా కూర్చొని వినాలని ఇప్పుడు అంత కొట్టుకుంటున్నది. పొయ్యిలోకి ఇంకో కట్టె తోసి, ప్రయాణానికి ఇంకెన్ని రొట్టెలు కావాలని అడిగింది.